ఆడిన కాలు, చెప్పే నోరు: పీకే బెనర్జీ కోచ్ అయిన తీరు

(హైదరాబాద్‌లో వ్యాయామ ఉపాధ్యాయులు, యువ ఫుట్‌బాల్ కోచ్‌లు కలుసుకున్న సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున ఎనిమిది గంటలకే ఇంతమంది వచ్చి కూర్చోవడం చూస్తే చాలా సంతోషంగా ఉంది. మీలో చాలామంది నిన్న మొన్నటిదాకా ఆడినవాళ్లే, కొందరు ఇంకా ఆడుతూనే ఉన్నారు. నిర్వాహకులు నాకిచ్చిన విషయం "ఆటగాడు కోచ్‌గా మారడం". దీని మీద సూత్రాలు వల్లించే కన్నా ఒక మనిషి జీవితాన్ని దగ్గరగా చూడటం మనకు ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. ఆ మనిషి పేరు ప్రదీప్ కుమార్ బెనర్జీ. దేశమంతా ఆయన్ని పీకే అనే పిలిచింది.

ఆయన బెంగాలీ కదా, హైదరాబాద్ సభలో ఆయన ప్రస్తావన ఎందుకని మీకు అనిపించవచ్చు. కాసేపు ఓపిక పట్టండి. ఆయన కోచ్ అయిన దారి మన చాదర్‌ఘాట్ మీదుగానే వెళ్లింది. అదెలాగో చెబుతాను.

దానికి ముందు నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను పదిహేడేళ్లు ఒక ప్రభుత్వ శాఖ జట్టులో కుడివైపు ఆడాను. ఆట మానేసిన ఏడాదే ఒక బడిలో పిల్లలకు నేర్పమని పిలిచారు. మొదటిరోజే క్రాస్ కొట్టడం చూపిద్దామనుకున్నాను. కుడి గీత వెంట బంతిని తీసుకుపోయి, కార్నర్ జెండా దగ్గరి నుంచి పెనాల్టీ ఏరియాలోకి కొట్టాను. బంతి అనుకున్నచోటే పడింది. పదిసార్లు కొట్టాను, పదిసార్లూ అక్కడే పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇప్పుడు మీరు కొట్టండి అన్నాను. ఒక్కరికీ రాలేదు. ఒకడు కొడితే గోల్ వెనక్కి పోతుంది, ఇంకొకడు కొడితే ఎదురుగా నిలబడ్డవాడి మోకాలికి తగులుతుంది. నేనేం చేశాను? "అలా కాదు, ఇలా" అని మళ్లీ నేనే కొట్టాను. మళ్లీ చప్పట్లు. మళ్లీ ఎవరికీ రాలేదు.

అప్పుడు పదకొండేళ్ల పిల్లవాడు ఒకడు దగ్గరికొచ్చి, "సార్, కొట్టేటప్పుడు మీ ఎడమ కాలు ఎక్కడ పెడుతున్నారు?" అని అడిగాడు. పదిహేడేళ్లు ఆడినవాణ్ణి, కొన్ని వేలసార్లు ఆ దెబ్బ కొట్టినవాణ్ణి, నా దగ్గర జవాబు లేదు. కాలికి తెలుసు, నోటికి తెలియదు. ఈసారి నెమ్మదిగా కొట్టి, దుమ్ములో నా ఎడమ బూటు ముద్ర ఎక్కడ పడిందో ఆ పిల్లవాడితో పాటు నేనూ వంగి చూశాను. బంతి పక్కన జానెడు దూరంలో ఉంది. వేళ్లు ముందున్న గీత వైపు కాకుండా, బంతి పడాల్సిన చోటి వైపు తిరిగి ఉన్నాయి. సున్నం తెచ్చి ఆ ముద్ర చుట్టూ గీత గీశాం. పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి ఆ గీతలో కాలు పెట్టి కొట్టారు. ఆ సాయంత్రం నలుగురికి వచ్చింది.

నేను కోచ్ అయింది ఆ సాయంత్రమే అనుకుంటాను. మీలో ఎంతమందికి ఇలాంటిది జరిగింది? చేతులెత్తండి. చూశారా, సగం గది!

ఇప్పుడు పీకే దగ్గరికి వద్దాం. ఆయన కూడా కుడి వింగర్, అంటే కుడి గీత వెంట ఆడే ఫార్వర్డ్. 1936 జూన్ 23న జల్‌పాయిగుడిలో పుట్టారు, జంషెడ్‌పూర్‌లో పెరిగారు. పదిహేనేళ్లకే రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలో బీహార్ తరఫున ఆడారు. 1954లో కలకత్తా చేరి ఏరియన్ క్లబ్‌లో ఒక్క ఏడాది ఆడి, 1955లో ఈస్టర్న్ రైల్వేలో చేరారు. ఆట మానేసేదాకా అదే జట్టు. ఈ మాట మీద ఒక్క నిమిషం ఆగుదాం. కలకత్తా అంటే మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్. ఒక్కొక్కదాని వెనుక లక్షల జనం. దేశంలోకెల్లా మంచి వింగర్ అని పేరున్న మనిషి ఆ మూడింటిలో దేనికీ ఆడకుండా, రైల్వే ఉద్యోగం చేసుకుంటూ రైల్వే జట్టుకే ఆడుతూ ఉండిపోయారు. ఆ జట్టుతోనే 1958లో కలకత్తా లీగ్ గెలిచారు. ఆ మూడు పెద్ద క్లబ్బులు కాకుండా వేరొక జట్టు ఆ లీగ్‌ను మళ్లీ గెలవడానికి 2019 దాకా పట్టింది. అప్పుడు పీర్‌లెస్ గెలిచింది. అంటే 61 ఏళ్లు. అది చూడటానికి పీకే బతికే ఉన్నారు.

ఏ పెద్ద క్లబ్బుకూ ఆడకపోవడం తరవాతి రోజుల్లో ఆయనకు ఎంతో కలిసొచ్చిందని నా అభిప్రాయం. కోచ్‌గా ఆయన ఈస్ట్ బెంగాల్ గుమ్మమూ తొక్కారు, మోహన్ బగాన్ గుమ్మమూ తొక్కారు. ఒంటి మీద పాత రంగు ఏదీ లేని మనిషి కాబట్టి రెండు చోట్లా తలుపులు తెరుచుకున్నాయి.

ఇక భారత జట్టు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా దేశం ఒకటి అంతదాకా వెళ్లడం అదే మొదటిసారి. నెవిల్ డిసౌజా ఆ రోజు మూడు గోల్స్ కొట్టారు. ఇరవై ఏళ్ల పీకే ఆ జట్టులో ఉన్నారు. నాలుగేళ్ల తరవాత రోమ్‌లో ఆయనే కెప్టెన్. అక్కడ ఫ్రాన్స్‌తో ఆట 1-1తో ముగిసింది, మన గోల్ పీకేదే. హంగరీ చేతిలో 1-2తో, పెరూ చేతిలో 1-3తో ఓడినా, ఆ రెండు ఆటల్లోనూ మన గోల్ కొట్టింది సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం. పీకే, చునీ గోస్వామి, బలరాం. ఈ ముగ్గురి పేర్లను ఆ తరం వాళ్లు ఒకే ఊపిరిలో చెప్పేవారు.

ఈ జట్లన్నిటి వెనుక ఉన్న మనిషి ఎవరు? సయ్యద్ అబ్దుల్ రహీం. మన రహీం సాబ్. 1909లో ఈ ఊళ్లోనే పుట్టి, ఈ ఊరి బళ్లలోనే పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు. చాదర్‌ఘాట్ హైస్కూల్లో కూడా పని చేశారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ గెలుచుకొచ్చింది. ఈ సంగతి మీకు తెలిసిందే. ఆయన పిల్లలకు పోటీలు ఎలా పెట్టేవారో అంతగా ఎవరూ చెప్పుకోరు. డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలితో తోసుకుంటూ ఎదుటివాళ్లను తప్పించుకుపోవడం, చేయకూడదనే నియమంతో ఒక పోటీ, అలవాటు లేని కాలితోనే ఆడాలనే నియమంతో ఇంకో పోటీ పెట్టేవారు. ఇందులో ఎంత ఆలోచన ఉందో చూడండి. డ్రిబ్లింగ్ వద్దంటే పిల్లవాడు తల ఎత్తి తోటివాణ్ణి వెతుక్కోక తప్పదు. కుడికాలు వద్దంటే ఎడమకాలు నేర్చుకోక తప్పదు. ఆయన నోటితో చెప్పాల్సింది ఏమీ ఉండదు, నియమమే చెబుతుంది. బడిలో పాఠం చెప్పిన మనిషికే ఇలాంటివి తోస్తాయి. మీరందరూ ఉపాధ్యాయులు కనుక ఈ మాట కొంచెం గట్టిగానే అంటున్నాను.

రహీం సాబ్ కింద పీకే ఆడిన ఆటల్లో ఒకదాన్ని వివరంగా చెప్పుకోవాలి. 1962 సెప్టెంబర్ 4, జకార్తా, ఆసియా క్రీడల ఫైనల్. అంతకు ముందు జరిగింది ఇది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వకపోవడం మీద భారతీయ అధికారి ఒకరు అభ్యంతరం చెప్పడంతో ఆ ఊళ్లో మన మీద కోపం రగిలింది. లక్ష మంది కూర్చున్న స్టేడియంలో మన జాతీయగీతం వినపడనంత గోల. ఎదుటి జట్టు దక్షిణ కొరియా. మొదటి ఆటలో మనల్ని 2-0తో ఓడించింది వాళ్లే. జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ జ్వరం నుంచి అప్పుడే కోలుకుంటున్నాడు. కోచ్ రహీం సాబ్‌కు క్యాన్సర్.

ఇలాంటి రాత్రి కోచ్ ఏం మాట్లాడాలి? మీరైతే ఏం మాట్లాడతారు? ఫైనల్ ముందు రహీం సాబ్ కుర్రాళ్లను కూర్చోబెట్టుకొని రేపు నాకొక కానుక కావాలి, ఆ బంగారు పతకం తెచ్చివ్వండి అని అడిగారని ఆ జట్టులోని వాళ్లు ఎన్నో ఏళ్లు చెప్పుకున్నారు. అడగడం వరకే అయితే అది మంచి మాటగా మిగిలిపోయేది. ఆ మాట వెనుక ఆయన చేసిన పని ఉంది. కుట్లున్న తలతో వెనుక నిలబడి హెడింగ్ చేయడం కష్టమని, డిఫెండర్ అయిన జర్నైల్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. తంగరాజ్‌ను మళ్లీ గోల్‌లోకి తెచ్చారు. పదిహేడో నిమిషంలో పీకే గోల్ కొట్టారు. ఇరవయ్యో నిమిషంలో జర్నైల్ కొట్టాడు. కొరియా ఒకటి తిరిగి కొట్టినా 2-1తో ఆట మనదైంది. ఆ క్రీడల్లో పీకేకు మొత్తం నాలుగు గోల్స్. మైదానంలో మన పక్షాన అరిచింది పాకిస్తాన్ హాకీ జట్టు అని చెబుతారు. ఆ తరవాత తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం సాబ్ ఈ ఊళ్లోనే కన్నుమూశారు.

అక్కడ గమనించాల్సిన విషయం ఇంకొకటి ఉంది. రోమ్‌లో కెప్టెన్ పీకే, జకార్తాలో కెప్టెన్ చునీ. రెండేళ్ల కిందటిదాకా జట్టును నడిపించిన మనిషి ఇంకొకరి నాయకత్వంలో కుడి గీత దగ్గర నిలబడి తన పని తాను చేసుకుపోయారు. కోచ్ కావడానికి ఇది చాలా పెద్ద తయారీ. జట్టులో ముందున్నవాడి మనసూ తెలియాలి, పక్కన నిలబడ్డవాడి మనసూ తెలియాలి. పీకే రెండూ చూశారు.

గాయాలు ఆయన్ని చాలా బాధపెట్టాయి. 1967 నాటికి ఆట ముగిసింది. అప్పటికి ఆయనకు ముప్పై ఒకటి. ఇక్కడ మన తరం వాళ్లు చాలామంది చేసే పొరపాటు ఉంది. ఆడినవాణ్ణి కదా, నాకు తెలియనిది ఏముంటుంది అని నేరుగా విజిల్ మెడలో వేసుకుంటాం. నేనూ అదే చేశాను, ఇందాక చెప్పాను కదా. ఒలింపిక్ కెప్టెన్, ఆసియా బంగారు పతకం గెలిచినవాడు, ఫుట్‌బాల్‌లో మొట్టమొదటి అర్జున అవార్డు 1961లో అందుకున్నవాడు, ఆయన విద్యార్థిగా వెళ్లి క్లాసులో కూర్చున్నారు. జపాన్‌లో జర్మన్ కోచ్ డెట్‌మార్ క్రామర్ నడిపిన ఫిఫా శిక్షణ తరగతుల్లో చేరారు. క్రామర్ అంటే మామూలు మనిషి కారు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో జపాన్ గెలిచిన కాంస్యం వెనుక ఆయన శ్రమ ఉంది. తరవాత బయర్న్ మ్యూనిక్‌కు 1975లోనూ, 1976లోనూ యూరోపియన్ కప్ తెచ్చిపెట్టారు. పీకేకు మొదటి గురువు హైదరాబాద్ బడిపంతులు, రెండో గురువు జర్మనీ మాస్టారు. ఒకరు మనిషిని చదవడం నేర్పితే, ఇంకొకరు శిక్షణను గంటలుగా, వారాలుగా విడదీసి రాసుకోవడం నేర్పారని నేను అనుకుంటాను.

1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలు వచ్చాయి. జీఎంహెచ్ బాషా, పీకే కోచ్‌లు. కెప్టెన్ ఎవరు? మన సయ్యద్ నయీముద్దీన్. జట్టులో మన మహమ్మద్ హబీబ్ కూడా ఉన్నారు. కాంస్యం కోసం జరిగిన ఆటలో ఎదురైంది క్రామర్ పెంచిన జపానే. 1-0తో గెలిచాం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు పతకం రావడం అదే ఆఖరిసారి. యాభై ఏళ్లు దాటిపోయింది. ఈ సంగతి చెప్పుకున్న ప్రతిసారీ నాకు మనసు భారమవుతుంది, దాచుకోను.

ఇప్పుడు అసలైన భాగానికి వస్తున్నాను. వెనుక కూర్చున్నవారికి వినిపిస్తోందా? సరే.

1972లో పీకే ఈస్ట్ బెంగాల్ కోచ్ అయ్యారు. ఆ ఏడాదే కలకత్తా లీగ్‌తో పాటు అప్పటి పెద్ద పోటీలు ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ ఆ జట్టుకు వచ్చాయి, రోవర్స్ మాత్రం మోహన్ బగాన్‌తో కలిసి. 1973 షీల్డ్ ఫైనల్లో ఉత్తర కొరియా నుంచి వచ్చిన ప్యాంగ్యాంగ్ జట్టును 3-1తో ఓడించారు. 1975 సెప్టెంబర్ 30న షీల్డ్ ఫైనల్లో మోహన్ బగాన్ మీద 5-0తో గెలిచారు. ఆ రెండు జట్ల మధ్య అంత తేడా మళ్లీ రాలేదు. ఆ మరుసటి ఏడాది, 1976లో, పీకే అదే మోహన్ బగాన్‌కు కోచ్‌గా వెళ్లారు. ఐదు గోల్స్ తిన్న ఇంటికి, ఆ ఐదు గోల్స్ కొట్టించిన మనిషి వెళ్లి కూర్చున్నారు. ఆ డ్రెస్సింగ్ రూమ్‌లోకి మొదటిరోజు ఎలా అడుగుపెట్టి ఉంటారో ఊహించండి.

ఆయన చేసేదాన్ని కలకత్తాలో "వోకల్ టానిక్" అనేవారు. అంటే మాటల మందు. ఆటకు ముందు ఆయన మాట్లాడితే కుర్రాళ్లకు ఒళ్లు వేడెక్కేదని ఆయన దగ్గర ఆడినవాళ్లు ఎందరో చెప్పారు. ఈ పేరు వల్ల ఒక అపోహ కూడా పుట్టింది. పెద్ద గొంతుతో వీరావేశంగా మాట్లాడితే చాలు, కోచింగ్ అయిపోతుందని చాలామంది అనుకున్నారు. మన మైదానాల్లో శనివారం సాయంత్రం నడిచి చూడండి, గీత పక్కన నిలబడి గొంతు చించుకునేవాళ్లు ఎంతమంది కనిపిస్తారో. ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి పేరు పెట్టి తిడుతుంటారు. అది టానిక్ అవుతుందా?

మందు అన్నాక రోగిని చూడకుండా ఇవ్వరు. పీకే మాటల బలం ఆయన గొంతులో కన్నా ఆయనకున్న ఎరుకలో ఉందని నా నమ్మకం. ఏ కుర్రాడు పొగిడితే పైకి లేస్తాడు, ఏ కుర్రాడు రోషం వస్తేనే పరుగెత్తుతాడు, ఎవరితో అందరి ముందు మాట్లాడాలి, ఎవర్ని పక్కకు పిలిచి భుజం మీద చెయ్యి వేసి మాట్లాడాలి, ఇవన్నీ వారమంతా చూసి పెట్టుకున్న మనిషికే ఆదివారం ఆ మాటలు వస్తాయి. జకార్తాలో రహీం సాబ్ పతకాన్ని కానుకగా అడిగారు. గద్దించి అడగలేదు, ఒక పెద్దాయన పిల్లల్ని అడిగినట్టు అడిగారు. ఆ గదిలో కూర్చొని ఆ మాట విన్నవాడు పీకే. మాట ఎక్కడ తాకుతుందో ఆయనకు తన ఒంటి మీదే తెలుసు.

1977 చూడండి. లీగ్‌లో ఈస్ట్ బెంగాల్ చేతిలో మోహన్ బగాన్ ఓడింది. జనం కోపంగా ఉన్నారు. సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో అమెరికా క్లబ్ న్యూయార్క్ కాస్మోస్‌తో ఆట. పెలే వస్తున్నాడు. వానకు మైదానం బురదైంది. మన కుర్రాళ్లకు పెలే అంటే దేవుడు. దేవుడి కాళ్ల దగ్గర నుంచి బంతి లాక్కోవడం ఎలా? పీకే ఆ పనిని గౌతమ్ సర్కార్‌కు అప్పగించారు. పెలే ఎటు కదిలితే నువ్వూ అటే అన్నది అతని పని. కాస్మోస్‌కు కార్లోస్ ఆల్బెర్టో గోల్ కొడితే వెంటనే శ్యామ్ థాపా సమం చేశాడు. ఆ తరవాత మోహన్ బగాన్‌ను 2-1తో ముందుకు తీసుకెళ్లిన గోల్ ఎవరిది? మన హబీబ్‌ది. ఈ ఊరి హబీబ్‌ది. చివర్లో కినాలియా పెనాల్టీతో 2-2 అయింది. వారం తిరగకుండానే, అక్టోబర్ 1న, పెలే తన ఆఖరి ఆట అమెరికాలో ఆడేశాడు.

మీకు ఆ 2-2 బాగా గుర్తుంటుంది. నాకు దాని తరవాతి నాలుగు రోజులు ఎక్కువ ముఖ్యమైనవిగా తోస్తాయి. పెలేతో సమంగా ఆడిన జట్టు గాలిలో తేలుతూ ఉంటుంది. సెప్టెంబర్ 28న షీల్డ్ ఫైనల్, ఎదురుగా ఈస్ట్ బెంగాల్. జనం భుజాల మీద ఊరేగిన కుర్రాళ్లను మళ్లీ నేల మీదికి దించి, అదే బురదలో అదే కష్టం చేయించాలి. మోహన్ బగాన్ 1-0తో గెలిచింది. ఆ ఏడాది డ్యూరాండ్, రోవర్స్ కూడా గెలిచింది. ఓడినవాణ్ణి లేపడం చాలామందికి వచ్చు. గెలిచినవాణ్ణి దించి కూర్చోబెట్టడం కొందరికే వస్తుంది.

ఇక్కడ హబీబ్ గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. 1949లో హైదరాబాద్‌లో పుట్టారు, 1966లో కలకత్తా వెళ్లారు. ఆ రోజుల్లో ఆటగాళ్లందరికీ ఏదో ఒక ఉద్యోగం ఉండేది. రైల్వే, బ్యాంకు, పోలీసు, పోర్టు. పొద్దున ఆఫీసు, సాయంత్రం ఆట. హబీబ్ ఉద్యోగం వద్దనుకున్నారు. ఆటే నా పని అన్నారు. మన దేశంలో మొదటి అసలైన ప్రొఫెషనల్ ఆటగాడు ఆయనేనని అందుకే అంటారు. ఆయన శిక్షణలో ఒక్కరోజు ఒళ్లు దాచుకోలేదని తోటివాళ్లు చెప్పేవారు. బడే మియా అని పిలిచేవారు. పీకే మందు హబీబ్ మీద ఎలా పనిచేసింది? నాకు అనిపించేది, హబీబ్‌కు ఆ మందు అవసరమే పడి ఉండదు. అలాంటి ఆటగాడు జట్టులో ఒకడుంటే కోచ్ సగం మాట్లాడాల్సిన పని లేదు, మిగతావాళ్లు వాణ్ణి చూసి నేర్చుకుంటారు. మీ జట్టులో అలాంటి పిల్లవాడు ఎవరో ముందు గుర్తుపట్టండి. ఎక్కువ గోల్స్ కొట్టేవాడే అయి ఉండాలని లేదు.

పీకే ప్రతిసారీ గెలిచారా? లేదు. ఇది కూడా చెప్పాలి, లేకపోతే మనం కథ చెప్పుకున్నట్టు అవుతుంది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలు, సొంత దేశం, సొంత జనం, కోచ్ పీకే. క్వార్టర్ ఫైనల్లో సౌదీ అరేబియా చేతిలో 0-1తో ఓడాం. ఇక 1997 జూలై 13, సాల్ట్ లేక్ స్టేడియం, ఫెడరేషన్ కప్ సెమీఫైనల్. లక్షా ముప్పై వేలకు పైగా జనం. ఈస్ట్ బెంగాల్‌కు పీకే కోచ్, మోహన్ బగాన్‌కు అమల్ దత్తా కోచ్. దత్తా కూడా ఆటగాడిగా మొదలై కోచ్ అయినవారే, ఆటను కాగితం మీద గీసి ఆలోచించిన గొప్ప మేధావి. ఆటగాళ్లను వజ్రం ఆకారంలో నిలబెట్టే ఆయన డైమండ్ పద్ధతి అప్పుడు దేశమంతా మారుమోగుతోంది. ఆటకు ముందు ఆయన ఈస్ట్ బెంగాల్ కుర్రాళ్ల గురించి పత్రికలతో అన్న మాటలను పీకే తన కుర్రాళ్లలో రోషం రగిలించడానికి వాడుకున్నారని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. బైచుంగ్ భూటియా మూడు గోల్స్ కొట్టాడు. 4-1. కలకత్తాలో ఇప్పటికీ చెప్పుకునే ఆట అది. మరి ఫైనల్? ఫైనల్లో గోవా జట్టు సాల్గావ్‌కర్ గెలిచింది. అదే జట్టు, అదే కోచ్, అవే మాటలు. రోషంతో ఒక సాయంత్రం నడుస్తుంది. రెండో సాయంత్రానికి ఇంకేదో కావాలి. ఆ మాటల మందుకు హద్దు ఎక్కడుందో ఆ రెండు ఆటల్ని పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇక చివరి మలుపు. 1990లలో పీకే జంషెడ్‌పూర్ వెళ్లారు, తాను పెరిగిన ఊరికి. అక్కడ టాటా ఫుట్‌బాల్ అకాడమీ 1987లో మొదలైంది. దానికి టెక్నికల్ డైరెక్టర్‌గా పనిచేశారు. లక్షమంది ముందు నిలబడ్డ మనిషి పదహారేళ్ల పిల్లల ముందు నిలబడ్డారు. మన హబీబ్ కూడా అదే అకాడమీలో పిల్లలకు నేర్పారు. బ్యాంకాక్‌లో పీకే కోచ్‌గా ఉన్నప్పుడు కెప్టెన్‌గా ఉన్న నయీముద్దీన్ 1990లో ద్రోణాచార్య అవార్డు అందుకున్నారు. ఫుట్‌బాల్ కోచ్‌కు ఆ అవార్డు రావడం అదే మొదటిసారి. అదే ఏడాది ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ గెలిచింది, 1972లో పీకే గెలిపించినట్టే. చాదర్‌ఘాట్ మాస్టారు పీకేకు ఇచ్చింది, పీకే తిరిగి మన ఊరి కుర్రాళ్లకు ఇచ్చారు. మొదట్లో నేనన్న దారి ఇదే.

పీకే 2020 మార్చి 20న పోయారు. నలభై ఒక్క రోజులకు చునీ గోస్వామి పోయారు. 2023 ఫిబ్రవరిలో బలరాం, ఆగస్టు 15న హబీబ్ పోయారు. వాళ్లు ఆడగా చూసినవాళ్లు కూడా తగ్గిపోతున్నారు. అందుకే ఈ పేర్లన్నీ తేదీలతో సహా చెప్పాను. మీ పిల్లలకు రొనాల్డో, మెస్సీ తెలుసు, తెలియాలి కూడా. వాళ్లు ఆడే మైదానానికి రెండు మైళ్ల దూరంలో రహీం సాబ్ పాఠం చెప్పిన బడి ఉందని కూడా తెలియాలి.

ఇంక మాటలు చాలు. బయట పిల్లలు వచ్చేశారు, బూట్లు కట్టుకుంటున్నారు, కిటికీలోంచి కనిపిస్తున్నారు. ఇప్పుడు మైదానంలో రెండు ఆటలు పెడుతున్నాం. మొదటిది ఎడమకాలి ఆట. కుడికాలు తగిలితే బంతి ఎదుటి జట్టుది. రెండోది డ్రిబ్లింగ్ లేని ఆట. బంతిని రెండుసార్లకు మించి తాకకూడదు. మీలో ప్రతి ఒక్కరూ ఒక్క పిల్లవాణ్ణి ఎంచుకొని ఇరవై నిమిషాలు వాణ్ణే చూడండి. బంతిని చూడకండి. వాడు తప్పు చేసినప్పుడు ఎటు చూస్తాడు, నేల వైపా, స్నేహితుడి వైపా, మీ వైపా అన్నది కాగితం మీద రాసుకోండి. కాగితాలు, పెన్సిళ్లు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. సున్నం సంచీ కూడా అక్కడే ఉంది, ఎవరైనా ఒకరు పట్టుకు రండి.